దాజీ పేట వేణ్ణీళ్ల హౌజు

మా ఆయన నర్సప్పకు నోరూ ఉంది, చెయ్యీ ఉంది. నోటిని నేను పెళ్లైన కొత్తలోనే నమ్మడం మానేశాను. చేతిని మాత్రం సోలాపూర్‌లో మా దాజీ పేట మొత్తం నమ్మినట్టే నేనూ నమ్మాను.

అది నూలుకు రంగు వేసే చెయ్యి. మోచేతి దాకా ఎరుపు, గోళ్ల సందుల్లో నీలం. ఎంత తోమినా పోయేది కాదు. రాగి గంగాళంలో రంగునీళ్లు మరుగుతుంటే ఆ చెయ్యి అందులో ముంచి తీసి, "ఇగ ఎయ్యుండ్రి" అనేవాడు. అప్పుడు వేసిన నూలు రంగు ఎన్ని ఉతుకులు ఉతికినా దిగేది కాదు. చద్దర్లు నేసేవాళ్లు "నర్సప్ప చెయ్యి పెట్టిండా?" అని అడిగి మరీ నూలు పట్టుకుపోయేవారు. ఆ మాట వినబడినప్పుడల్లా మా ఆయన మెడ కొంచెం పొడుగయ్యేది.

తర్వాత మిల్లుల నుంచే రంగు నూలు రావడం మొదలైంది. పందొమ్మిది వందల యాభై ఆరు వచ్చేసరికి మా గంగాళం వెనక వసారాలో బోర్లా పడుకుంది. మా ఆయన ముందు వసారాలో కూర్చున్నాడు. పనిలేని మగవాడు ఇంట్లో ఉంటే ఏమవుతుందో బీడీలు చుట్టే ఆడవాళ్లను అడగండి. చేటలో ఆకు పెట్టుకుని నేను చుడుతుంటే, పక్కన చేరి ఆకు ఎట్లా కత్తిరించాలో నాకు నేర్పడం మొదలుపెట్టాడు. నా చేతిలో కత్తెర ఉన్న సంగతి ఆయనకు పట్టలేదు.

అటువంటి రోజుల్లో మమ్మల్ని కాపాడింది పోచయ్య బావ మోకాళ్లు.

పోచయ్య బావ మా పక్కింటి మనిషి. మా ఆయనకు సొంత అన్న కాకపోయినా అంతకంటే ఎక్కువ. ఇద్దరి పెద్దలూ కరీంనగర్ వైపు నుంచి ఒక్క బండిలో సోలాపూర్ వచ్చారట. బావది గుంట మగ్గం. పొద్దంతా గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తాడు. గుంటలోని చెమ్మ ఏళ్ల తరబడి కాళ్లకు ఎక్కి, సాయంత్రానికి లేవాలంటే గుంజ పట్టుకుని, మూడు దేవుళ్ల పేర్లు తలుచుకోవాలి. చలికాలం నేను పెద్ద తాంబాళంలో వేణ్ణీళ్లు పోసి ఇస్తే అందులో కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

"చంద్రభాగా, కాళ్లకే ఇంత సుఖముంటే, నడుము దాక మునిగితే ఎట్లుంటదో" అన్నాడు ఒకరోజు.

మా ఆయన ఆ మాట విని లేచి, వెనక వసారాకు వెళ్లి, గంగాళాన్ని తిరగేసి నిలబెట్టాడు.

మరుసటి నెలలో ఇంటి వెనక మా పాత రంగులశాల ఉన్నచోట హౌజు లేచింది. నలుగురు మగవాళ్లు ఛాతీ దాకా మునిగి కూర్చునేంత ఇటుక తొట్టి. పక్కన పొయ్యి మీద గంగాళం, దానినుంచి తొట్టిలోకి ఇనుప గొట్టం. మగ్గాలు దిగిన వాళ్లు వచ్చి కాసేపు ఆ వేణ్ణీళ్లలో కూర్చుని నొప్పులు తీర్చుకుని, డబ్బులిచ్చి వెళ్లాలి, దాంతో మా ఇల్లు గడవాలి. ఊళ్లో ఇంకెక్కడా ఇటువంటిది లేదు. రంగులశాల పోయాక మా ఆయనకు మిగిలిన ఆశ అదొక్కటే. అది తెరుచుకోకపోతే గంగాళం అమ్మి, ఏదో మిల్లులో మూటలు మోయడానికి పోవాలి. ఆ వయసులో, ఆ మెడతో, ఆయన మూటలు మోయడం నేను చూడలేను.

పేట జనం దిగే తొట్టి కాబట్టి మున్సిపాలిటీ లైసెన్సు కావాలి. చూడడానికి దత్తాత్రి అనే ఇన్‌స్పెక్టర్ సాహేబు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే కాబట్టి మన మాటా, వాళ్ల మరాఠీ కలిపి కొట్టేవాడు.

వచ్చినవాడు బూట్లు విప్పి, ఖాళీ తొట్టిలోకి దిగబోయి సర్రున జారాడు. మా ఆయన పట్టుకున్నాడు.

"బగా, చూడు, నేనే పడుతున్న. తడి ఒంటితోటి ముసలోడు దిగితే కాయ్ హోతది, ఏమైతది?" అన్నాడు సాహేబు. తర్వాత నీళ్లు పోయే కంత మీద తన మడమ పెట్టి చూపించాడు. "హౌజు ఖాళీ అయ్యేటప్పుడు నీళ్లు జోరుగ లాగుతయ్. పోరగాని కాలు ఇందుల ఇరుక్కుంటే బయటికి రాదు. జాలీ పాహిజే, కంతకు అడ్డం జాలీ ఉండాలె."

మెట్లు కావాలన్నాడు. పట్టుకోవడానికి కడ్డీ కావాలన్నాడు. మంటకూ మనుషులకూ మధ్య గోడ కావాలన్నాడు. లోపల కళ్లు తిరిగి పడితే తలుపు బయటినుంచి తెరవడానికి రావాలి కాబట్టి లోపలి గడియ తీసెయ్యమన్నాడు. మా ఆయన అన్నిటికీ తల ఊపి, సాహేబు సందు మలుపు తిరిగాక తల పట్టుకున్నాడు.

"ఇది హౌజా, చిన్నపోరల తొట్లెనా? మెట్లంట, కడ్డీ అంట!"

"జారింది సాహేబు కాబట్టి మెట్లు అడిగిండు. నువ్వు జారి ఉంటే ముందే కట్టేటోనివి" అన్నాను నేను.

గొణిగాడు గానీ చేశాడు. చేస్తే బాగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పచ్చి సిమెంటు మీద పుల్లల చీపురుతో గీతలు గీసి కాలు జారకుండా చేశాడు. నూలు మూటలకు వచ్చే జనపతాడు ఒలిచి వేడి గొట్టానికి చుట్టాడు. కడ్డీ పాతిన రోజు పోచయ్య బావ దాన్ని పట్టుకుని ఊగి, "నా పెండ్లి గుంజ కూడ ఇంత గట్టిగలేదు" అన్నాడు.

ఒక్కటే మిగిలిపోయింది. నీళ్ల వేడి కొలిచే థర్మామీటరు గోడకు ఉండాలన్నాడు సాహేబు. అక్కడ మాత్రం మా ఆయన మొండికేశాడు.

"గాజుపుల్ల నాకు నేర్పుతదా వేడి ఎంతున్నదో? ఈ చెయ్యి ఎన్ని గంగాళాలు చూసింది! అన్నీ చేసిన, ఇది చెయ్య. ఇది నా చేతికి ఇజ్జత్ తక్కువ."

నేనూ గట్టిగా చెప్పలేదు. నాకూ ఆ పుల్ల మీద కోపమే వచ్చింది. ఆ చెయ్యి మా ఇంటి దీపం అనుకునేదాన్ని.

సాహేబు రెండోసారి వచ్చిన రోజు సగం పేట మా వాకిట్లోనే ఉంది. హౌజు నిండా నీళ్లు, పైన సన్నటి ఆవిరి. పోచయ్య బావ పంచె ఎగగట్టి, భుజాన తువ్వాలు వేసుకుని ముందే తయారైపోయాడు. మేం ఆడవాళ్లం తలుపు దగ్గర నిలబడ్డాం. మా ఆయన వంగి చెయ్యి ముంచి, కాసేపు ఉంచి, తీసి, అందరికీ వినబడేలా "గోరెచ్చగున్నయ్" అన్నాడు.

సాహేబు మెట్లు చూశాడు, జాలీని కాలితో నొక్కి చూశాడు, కడ్డీ లాగి చూశాడు. ముఖం సంతోషంగానే ఉంది. "సగ్ళే బరోబర్, అన్నీ సరిగున్నయ్. థర్మామీటర్ కుఠే ఆహే, ఏడున్నది?"

"ఇదే" అని మా ఆయన ఎర్రటి చెయ్యి పైకెత్తాడు. వాకిలంతా నవ్వింది.

సాహేబు నవ్వలేదు. "నర్సప్పా, నీ చెయ్యి మంచిదే. కాని నియమం అంటే నియమం. అది లేకుంటే పాస్ చెయ్యలేను" అని, గొట్టం చూడడానికి పొయ్యి గోడ వెనక్కి వెళ్లాడు.

మా ఆయన ముఖం వాడిపోయింది. అది పోచయ్య బావ చూశాడు.

"ఏందిర తమ్మీ, గంతదానికే. మనిషి దిగి కూసున్నంక పుల్లతోటి ఏం పని? నేను దిగుత, సాహేబు కండ్లతోటి చూస్తడు" అంటూ కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. నీళ్లు చీలమండల పైదాకా వచ్చాయి.

గోడ వెనకనుంచి సాహేబు "థాంబా! ఆగు!" అని అరుస్తున్నాడు.

"మంచిగున్నయ్ సాహేబ్" అన్నాడు బావ. "మస్తు మంచిగున్నయ్."

గొంతు మామూలుగానే ఉంది. కాని కడ్డీ మీద ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. కళ్లలోనుంచి నీళ్లు కారి గడ్డంలోకి పోతున్నాయి. సుఖానికి కళ్లు మూసుకునే మనిషిని నేను చూశాను, ఆ కళ్లు మూసుకోలేదు. మగవాళ్ల హౌజు అని కూడా చూడకుండా లోపలికి పరుగెత్తి, పసిపిల్లల నీళ్లు చూసినట్టు మోచెయ్యి నీళ్లలో పెట్టాను.

నా అరుపు అవతలి జోడ్‌భావి పేట దాకా వినబడిందంటారు.

మా ఆయన, సాహేబు చెరో రెక్క పట్టుకుని బావను పైకి లాగారు. తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి సాహేబు తన చేతులతోనే బిందెలు బిందెలు చన్నీళ్లు కాళ్ల మీద పోశాడు, చాలాసేపు పోశాడు, గొడుగు నీళ్లలో తేలుతున్నా చూసుకోలేదు. కాళ్లు ఎర్రగా కమిలి, వేళ్ల మీద బొబ్బలు లేస్తున్నాయి. మా ఆయన మొదట కట్టినట్టు మెట్లూ కడ్డీ లేకుండానే ఉంటే బావ ఒకేసారి నడుము దాకా దిగి ఉండేవాడు. ఆ ఆలోచనకు పుట్టిన భయం కోపమై బావ మీదికి పోయింది.

"కాలుతుంటే కాలుతున్నయని చెప్పొద్దా బావా? నోరు లేదా నీకు?"

బావ తల వంచుకున్నాడు. "చెప్తె సాహేబు ముందట తమ్ముని చెయ్యి అబద్ధమైతదిగదనే. ఒక్క నిమిషం ఓర్సుకుంటె అయిపోతది అనుకున్న."

మా ఆయన ఆ మాట విన్నాడు. తొట్టి దగ్గరికి వెళ్లి, వంగి, చెయ్యి నీళ్లలో పెట్టాడు. తియ్యలేదు. అందరం చూస్తూనే ఉన్నాం.

"నాకు గోరెచ్చగనే ఉన్నయ్" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

సాహేబే వెళ్లి ఆ చెయ్యి బయటికి తీశాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "నర్సప్పా, ఆజ్ బంద్. పుల్ల పెట్టినంక నన్ను పిలువు, నేను వస్త" అని, తడిసిన గొడుగు దులుపుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన హౌజు మీద పలకలు కప్పాడు. గంగాళం ఎవరైనా కొంటారేమో అడగమన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. ఆ నోరు అంతసేపు మూసుకుని ఉండడం నేను అంతకుముందు చూడలేదు, చూడాలని ఎన్నోసార్లు మొక్కుకున్నదాన్ని, తీరా చూస్తే భరించలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వసారాలో చేట పక్కన పెట్టి, పొయ్యి మీదినుంచి దించిన చాయ్ గ్లాసులో పోసి ఇచ్చాను. ఎప్పటిలాగే గ్లాసు మొత్తం గుప్పిట్లో పట్టుకున్నాడు. నేనైతే కొంగుతో గానీ ముట్టలేను. పెళ్లైనప్పటినుంచి అట్లాగే పట్టుకుంటున్నాడు, నేను దాన్ని మగతనం అనుకుని మురిసిపోయేదాన్ని.

"వేడిగ ఉన్నదా?" అన్నాను.

"ఆవిరి వస్తున్నదిగద."

"ఆవిరి సంగతి కాదు. చేతికి తెలుస్తున్నదా?"

గ్లాసును ఇటూ అటూ తిప్పి చూశాడు. గ్లాసు తీసి కింద పెట్టి, ఆయన చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. కళ్లు మూసుకోమన్నాను. వేలి కొసన గోటితో నొక్కాను. "ఈడ?" లేదన్నాడు. అరచేతిలో. లేదు. మణికట్టు. లేదు. ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా అడుగుతూ పోయాను, ప్రతిచోటా లేదనే. మోచెయ్యి దాటి, రంగు లేని మామూలు చర్మం మీద వేలు పెట్టగానే ఉలిక్కిపడి, "ఆఁ" అన్నాడు.

"మరి ఇన్నేండ్లు రంగునీళ్ల వేడి ఎట్ల చెప్పినవయ్యా?"

"నురుగు చూసేటోన్ని" అన్నాడు నెమ్మదిగా. "అంచుల పొంట చిన్న నురుగు వస్తది. వాసన మారుతది. చెయ్యి పెట్టేలోపల్నే తెలిసిపొయ్యేది చంద్రభాగా. చెయ్యే చెప్పిందనుకునేటోన్ని." నా ఒళ్లోని చేతిని తిరగేసుకున్నాడు. "ఉత్త నీళ్లకు నురుగు లేదు, వాసన లేదు."

అప్పుడే నాకో పాడు ఆలోచన వచ్చి అడిగేశాను. "నేను నీ చెయ్యి పట్టుకుంటె తెలుస్తదా?"

"చూస్తగద" అన్నాడు. "నువ్వు పట్టుకుంటే చూస్త."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. పెళ్లినాడు పట్టుకున్న చెయ్యి, పిల్లలు పుట్టినప్పుడు, మా అమ్మ పోయినప్పుడు పట్టుకుని కూర్చున్న చెయ్యి. వాటిలో ఏది ఆయనకు తెలిసిందో, ఏది చూసి ఊరుకున్నాడో ఆయనకూ తెలియదు. పెద్దరోగమేమోనని భయపడి దవాఖానాకు తీసుకుపోయాను. అది కాదన్నారు. ఏళ్లకేళ్లు కాస్టిక్ సోడా, మరిగే నీళ్లు కలిసి చేసిన పని అన్నారు, ఇక తిరిగి రాదన్నారు.

పోచయ్య బావ కాళ్లకు మందు రాసే పని మా ఆయనే పెట్టుకున్నాడు. వేళ్లు ఎంత గట్టిగా నొక్కుతున్నాయో ఆయనకు తెలియదు కాబట్టి రాసిన ప్రతిసారీ "నొస్తున్నదా అన్నా?" అని అడిగేవాడు. బావ లేదనేవాడు. "నిజం చెప్పు. ఇంకా నాకు అబద్ధం చెప్తవా?" అని ఈయన కసిరేవాడు. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నేను నా గుమ్మంలోనుంచి వినేదాన్ని.

ఒకరోజు బావ కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఈ మందు సరే. హౌజు ఎప్పుడు తెరుస్తవ్?"

"ఆ ముచ్చట తియ్యకు."

"ఎందుకు తియ్యొద్దు? నేను కాళ్లు కాల్సుకున్నది నువ్వు దాన్ని మూసి గంగాళం అమ్ముతవనా? గట్లయితే నా బొబ్బలు నాకు వాపసియ్యి."

మా ఆయన మందు సీసా మూత పెట్టి ఇంటికొచ్చి, నన్ను లేవదీసి, సాహేబు దగ్గరికి వెళదాం పద అన్నాడు.

థర్మామీటరు వచ్చింది. చెక్కకు బిగించిన పొడుగాటి గాజుపుల్ల, దాని మీద ఇంగ్లీషు అంకెలు. అవి నాకూ రావు, ఆయనకూ రావు. ఏ గీత దాటకూడదో సాహేబు వేలుపెట్టి చూపించాడు. మా ఆయన ఆ రోజే చిన్న గిన్నెలో రంగు కలిపి, నురుగు చూసి, ఒక్కటంటే ఒక్క నూలుపోగు ముంచి తీశాడు. ఆ ఎర్ర దారాన్ని ఆ గీత దగ్గర పుల్ల చుట్టూ బిగించి కట్టాడు. గంగాళం తిరిగి పొయ్యెక్కింది. పొయ్యి పక్కన చన్నీళ్ల తొట్టి ఒకటి ఎప్పుడూ నిండుగా ఉండే ఏర్పాటు చేశాడు.

సాహేబు మూడోసారి వచ్చినప్పుడు వాకిట్లో అంతే మంది. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. ఆయన పుల్ల చూశాడు, దారం చూశాడు, దారాన్ని గోటితో కదిపి చూశాడు. అది కదల్లేదు.

"బరం, మంచిది. ఇప్పుడు ఒక్క ప్రశ్న. రోజూ నీళ్ల వేడికి జిమ్మేదారు ఎవరు, పూచీ ఎవరిది?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆ పేటలో, ఆ మనుషుల మధ్య, ఆ చెయ్యి మీద బతికిన మనిషి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. తప్పించుకున్నా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

ఆయన చెయ్యి పైకెత్తాడు, మొదటిసారి ఎత్తినట్టే. "సాహేబ్, ఈ చేతికి వేడి తెల్వది. ఎప్పటిసంది తెల్వదో అది కూడ తెల్వది. మీరందరు కూడ వినుండ్రి. నీళ్లు ఎట్లున్నయని నన్ను ఎవ్వరు అడగొద్దు. నేను చెప్తె నమ్మొద్దు. పుల్లల వెండిచుక్క దారం దాటొద్దు. రోజూ తలుపు తెరిసే ముందు నా పెండ్లాము మోచెయ్యి పెట్టి చూస్తది. రెండూ సరే అంటెనే మనిషి దిగుతడు. జిమ్మేదారు చంద్రభాగ."

రంగు నూలు కొనడానికి మా గుమ్మంలో నిలబడ్డ వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక ముసలాయన తలపాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

సాహేబు నా వైపు తిరిగాడు. "బాయీ, చూడు మరి."

నేను వెళ్లి మోచెయ్యి పెట్టాను. నీళ్లు మోచేతికి హాయిగా తగిలాయి, పుల్లలో వెండిచుక్క దారం కింద ఆగింది. సరే అన్నాను. సాహేబు జేబులోంచి కలం తీశాడు.

పోచయ్య బావ కొత్త చర్మం వచ్చిన కాళ్లతో కడ్డీ పట్టుకుని దిగాడు. మొదటి మెట్టు మీద ఆగాడు. మా ఆయన ముందుకు ఒక అడుగు వేశాడు.

"ఏందన్నా? కాలుతున్నయా?"

బావ ముఖం చిట్లించాడు. "ఉన్నది చెప్పమన్నవుగద, చెప్తున్న. జర సల్లగున్నయ్ తమ్మీ."

పేట మొత్తం ఘొల్లుమంది. సాహేబు కూడా నవ్వాడు. మా ఆయన నవ్వుతూనే వేడినీళ్లు ఇంకొంచెం వదలడానికి గొట్టం దగ్గరికి వెళ్లబోయి, పుల్ల మీద దారం గుర్తొచ్చి ఆగి, నన్ను అడిగాడు. కొంచెం వదలొచ్చు అన్నాను. వదిలాడు. బావ ఒక్కో మెట్టూ దిగి, నడుము దాకా, ఛాతీ దాకా మునిగి, కళ్లు మూసుకున్నాడు. అబ్బా అన్నాడు. ఆ అబ్బా కోసం ఎన్నేళ్లనుంచి చూస్తున్నాడో.

మేమిద్దరం తలుపు దగ్గర నిలబడి చూశాం. అంతమందిలో సిగ్గు విడిచి ఆయన పక్కకు జరిగాను. చెయ్యి పట్టుకోలేదు. ఎరుపు ఆగిపోయిన చోటికి పైన, మోచేతి పైన పట్టుకున్నాను.

ఆయన అటు చూడలేదు. చూపు హౌజు మీదే ఉంది.

"తెలుస్తున్నది" అన్నాడు.